రెండు పెద్దరికాలు: సుగాలీ తండా, హీథెన్ తెగ

1976లో మన పార్లమెంటు వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం చేసింది. అప్పు కింద మనిషిని కట్టేసుకోవడం దానితో నేరమైంది. అదే ఏడాది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్ అనే ఊళ్లో, గార్మన్ లార్డ్ అనే ఆయన థియోడిజం పేరుతో ఒక మత సంప్రదాయాన్ని మొదలుపెట్టాడు. క్రైస్తవం రాకముందు ఆంగ్లో-శాక్సన్లు ఏ దేవుళ్లను కొలిచారో, ఏ కట్టుబాట్లతో బతికారో, ఎవరి కింద ఎవరు మసలుకున్నారో అదంతా తిరిగి నిలబెట్టుకోవాలన్నది ఆ సంప్రదాయం ఆశయం. అందులో కొత్తగా చేరినవాడికి దక్కే మొదటి మెట్టు బానిస మెట్టు. త్రాల్ అంటారు. ఒక పెద్ద అండన చేరి, ఆయన చెప్పింది చేస్తూ, కట్టుబాట్లు నేర్చుకుని, తగినవాడనిపించుకున్నాకే అతను స్వతంత్రుడవుతాడు.

అనంతపురం కరువుసీమలో చిన్నప్పుడే జీతానికి కుదిరి, ఇంకొకరి దొడ్లో పశువుల మధ్య పెరిగిన మనిషికి ఈ సంగతి చెబితే నమ్మడు. మా తాతలు, తండ్రులు దిగిపోవడానికి తన్నుకులాడిన ఆ మెట్టును చదువుకున్నవాళ్లు కోరి ఎక్కడమేమిటని అడుగుతాడు. ఆ ప్రశ్నను పక్కకు నెట్టకుండా రెండు సమాజాలను ఎదురెదురుగా పెట్టి చూడాలనిపించింది. ఒకటి, పుస్తకాలు చదివి తమ తెగను తామే కట్టుకున్న హీథెన్లది. రెండోది, గుత్తి, కళ్యాణదుర్గం, కదిరి చుట్టుపక్కల తరాలుగా తండాలు వేసుకుని ఉన్న సుగాలీలది.

హీథెన్లంటే ఓడిన్, థోర్, ఫ్రేయా వంటి ఉత్తర యూరపు పాత దేవతలను 20వ శతాబ్దంలో మళ్లీ కొలవడం మొదలుపెట్టినవాళ్లు. ఐస్‌లాండులో 1972లో స్వేన్‌బ్యోర్న్ బేంటీన్సన్ అనే రైతుకవి ముందుండి ఆసాత్రూ సంఘం పెట్టాడు. మరుసటి ఏడాదే ప్రభుత్వం దాన్ని మతంగా గుర్తించింది. ఇవాళ దాని సభ్యులు 5,000 దాటారు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ పది ఇరవై మంది కలిసి ఒక బృందంగా ఏర్పడతారు. కొన్ని బృందాల్లో గోదీ అనే పూజారి తప్ప హోదాలేవీ ఉండవు. కొన్ని మాత్రం తమను తెగగా భావించుకుని రాజు, ప్రభువు, సామంతుడు, స్వతంత్రుడు, బానిస అని నిచ్చెన వేసుకుంటాయి. ఈ రెండో రకానికి దారి చూపింది థియోడిజమే.

సుగాలీల సంగతి మనవాళ్లకు కొంత తెలుసు. తెలంగాణలో లంబాడీలంటారు, బయట బంజారాలంటారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను పీఠభూమి అంతా తిరిగినవాళ్లు. మొగలుల సైన్యాలకు, తర్వాత ఇంగ్లీషువాళ్ల సైన్యాలకు తిండిగింజలు మోసింది వీళ్ల ఎద్దులే. ఆ సరకు ప్రయాణాన్ని లదేణీ అంటారు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం వచ్చి లదేణీ ఆగిపోయింది. ఆగినచోట తండాలు నిలిచాయి. వాళ్లు గురువుగా కొలిచే సేవాలాల్ 1739 ఫిబ్రవరి 15న పుట్టింది గుత్తి దగ్గరి సేవాగఢ్‌లోనే అని సంప్రదాయం చెబుతుంది. ఆయన తండ్రి భీమానాయక్ ఒక తండాకు నాయకుడు.

తండాకు నాయకుడు ఉంటాడు. ఆయన పక్కన కార్బారీ, అంటే పనులు నడిపించే మనిషి. తగువు తీర్చేచోట మాట చెప్పే పెద్ద డావ్. వీళ్లంతా కూర్చున్న సభ నసాబ్. నాయకరికం ఎక్కువగా తండ్రి తర్వాత కొడుక్కే వస్తుంది. కొడుకు పనికిరాడనుకుంటే తండా ఇంకొకరిని కూర్చోబెడుతుంది. పాత జర్మనిక్ తెగల గురించి రాసిన రోమన్ రచయిత టాసిటస్ కూడా ఇలాంటిదే చెప్పాడు. రాజును వంశం చూసి, సేనానిని శౌర్యం చూసి ఎంచుకునేవారట. పుట్టుక ఒక అర్హత, పనితనం ఇంకొకటి, రెండింటి మధ్య పెనుగులాట. కాబట్టి ఇక్కడి పద్ధతి వెనకబడినది, అక్కడిది నాగరికమైనది అనుకుంటే మొదట్లోనే తప్పుదారి పడతాం.

అయితే హోదాకు దేవుడి ముద్ర ఎలా పడిందన్న దగ్గర రెండు లోకాలూ విడిపోతాయి. హీథెన్లు ఈ విషయంలో తరచూ ఆశ్రయించేది పాత నార్స్ భాషలోని ఎడ్డా కవితల్లో ఒకటైన రీగ్స్‌థులా. 14వ శతాబ్దపు రాతప్రతి ఒకదానిలో మిగిలింది, చివర తెగిపోయింది. రీగ్ అనే దేవుడు మూడు ఇళ్లకు అతిథిగా వెళతాడు. గుడిసెలో ముసలి దంపతులకు నల్లటి చర్మం, వంగిన వీపు ఉన్న త్రాల్ పుడతాడు. మంచి ఇంట్లో దుక్కి దున్నే కార్ల్ పుడతాడు. లోగిలిలో తెల్లటి యార్ల్ పుడతాడు. ముగ్గురికీ తండ్రి ఆ దేవుడే. అయినా రీగ్ తిరిగివచ్చి రూన్ అక్షరాలు నేర్పి నా కొడుకని చెప్పుకున్నది యార్ల్‌ను ఒక్కడినే. మనకు పురుషసూక్తం తెలుసు గనక ఈ కథ కొత్తగా అనిపించదు. అక్కడ ఒకే దేహంలోంచి నాలుగు వర్ణాలు వచ్చాయి, ఇక్కడ ఒకే తండ్రికి మూడు అంతస్తులు పుట్టాయి. నా దృష్టిలో రీగ్స్‌థులాదే ఎక్కువ క్రూరత్వం. బిడ్డలందరినీ కని ఒక్కడినే ఒప్పుకున్న తండ్రిని ఆదర్శంగా పెట్టుకుని సమాజం కట్టుకుంటే పనివాడి వంగిన వీపు దైవనిర్ణయం అయిపోతుంది. థియోడిస్టులు ఈ ప్రమాదాన్ని ఒక మేరకు తప్పించుకున్నారు. వాళ్ల దగ్గర త్రాల్ మెట్టు పుట్టుకతో రాదు, అందరూ దాటాల్సిన మొదటి గడప. మనిషి దాన్ని దాటి పైకి వెళతాడు. కథలో లేని ఆ మార్పును వాళ్లే చేసుకున్నారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

థియోడిస్టుల నిచ్చెన మొత్తం ప్రమాణాల మీద నిలబడి ఉంటుంది. కిందివాడు తన ప్రభువుకు ప్రమాణం చేస్తాడు, ప్రభువు తన పైవాడికి చేస్తాడు, పైన రాజు. దేవతల అదృష్టం రాజు ద్వారా తెగలోకి దిగుతుందని నమ్మకం. కాబట్టి పైవాడు మాట తప్పితే నష్టం అతని ఒక్కడిది కాదు, తెగ మొత్తం అదృష్టం చెడుతుంది. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. పెద్దరికాన్ని హక్కుగా కాక బరువుగా చూడటం ఇందులో ఉంది.

ఆ బరువు ఎలా పనిచేస్తుందో చూడాలంటే సుంబెల్ అనే వాళ్ల పానసభను చూడాలి. బల్ల చుట్టూ హోదా వరసలో కూర్చుంటారు. తేనెను పులియబెట్టి చేసిన మీడ్ అనే మద్యం నింపిన కొమ్ము చేయి మారుతూ వస్తుంది. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లో రాణి వెయాల్థియో చేసినట్టు సాధారణంగా ఒక స్త్రీ దాన్ని అందిస్తుంది. కొమ్ము పట్టుకున్నవాడు దేవతలకో పూర్వీకులకో పేరెత్తి నమస్కరిస్తాడు, లేదా ఫలానా పని చేస్తానని అందరి ముందూ మాట ఇస్తాడు. ఆ మాట ఇచ్చేటప్పుడు అడ్డు తగిలే అధికారం ఒకడికి ఉంటుంది. థైల్ అని అతని హోదా. నీకు అంత సత్తా ఉందా, పోయినసారి ఇచ్చిన మాట ఏమైంది, నెరవేర్చలేకపోతే ఏమి ఇస్తావు అని నిలదీస్తాడు. పైవాళ్లనైనా సరే. నెరవేరని మాట తెగ అదృష్టాన్ని తినేస్తుంది గనక, దాన్ని నోట్లోంచి బయటకు రాకముందే తూకం వెయ్యడం అతని పని.

తండాలో దీనికి సాటి వచ్చేది పెళ్లి ఖాయం చేసే కూర్చోవడం. రెండు తండాల నాయకులు, కార్బారీలు, పెద్దలు ఎదురెదురుగా కూర్చుంటారు. గోత్రాలు సరిపోవాలి. భూక్యాలు, వడిత్యాలు, చవాన్లు, పమార్లు అని పెద్ద విభాగాలు, ఒక్కొక్కదానిలో లెక్క ప్రకారం శాఖలు. ఒకే విభాగంలో పిల్లను ఇవ్వరు, తెచ్చుకోరు. లెక్క కుదిరాక రూపాయి, తమలపాకు మారుతాయి, బెల్లం పంచుతారు. బెల్లం నోట్లో పడ్డాక ఆ మాట రెండు తండాలదీ. తర్వాత ఎవరైనా తిరగబడితే నాయకులు నసాబులో కూర్చుని తప్పు కట్టిస్తారు. కాగితం లేదు, సంతకం లేదు. సుంబెల్‌లో కొమ్ము చేసే పనే ఇక్కడ బెల్లం చేస్తుంది. ఒక తేడా ఉంది. సుంబెల్‌లో మాట ఎవరు ఇస్తారో వాళ్లే మోస్తారు. ఇక్కడ మాట ఇచ్చేది పెద్దలు, మోసేది పద్దెనిమిదేళ్ల పిల్ల. ఆ బెల్లం కూర్చోవడంలో ఆమెకు నోరు లేదు. నాయకరికం గురించి ఎంత గౌరవంగా మాట్లాడినా ఈ సంగతి దాటవేయకూడదు.

ఇంతకంటే లోతైన తేడా జ్ఞాపకాన్ని మోసేవాళ్ల దగ్గర కనిపిస్తుంది. హీథెన్ బృందంలో థైల్‌ది గౌరవ స్థానం. ఎవరు ఏ మాట ఇచ్చారో గుర్తుపెట్టుకునేవాడు ప్రభువు పక్కన కూర్చుంటాడు. బంజారాల్లో వంశచరిత్రలు పాడేది ఢాడీలు. ఏ గోత్రం ఎక్కడినుంచి కదిలింది, ఏ నాయకుడు ఏ కరువులో ఎంతమందికి గింజలు పోశాడు, ఎవరి తాత ఎవరికి బాకీ, అంతా వాళ్ల గొంతులో ఉంటుంది. వాళ్ల పాట లేకపోతే నాయకుడి వంశం నాయకుడికే తెలియదు. అయినా ఢాడీ తండా వాడితో సమానం కాదు. పాడి, కానుక పుచ్చుకుని వెళ్లిపోవాలి. వాళ్లకంటే కింద ఢాళ్యాలు. పెళ్లికీ చావుకూ డప్పు కొట్టేది వాళ్లు. ఇల్లు తండాకు ఎడంగా, తిండి విడిగా, తాకుడు నిషేధం. సుగాలీ పల్లెకు వస్తే కులం వాళ్లు వాకిట్లో నిలబెడతారు, అదే సుగాలీ తన తండాలో ఢాళ్యాను ఎడంగా నిలబెడతాడు. కరువుసీమలో అంటరానితనం పల్లె పొలిమేరతో ఆగలేదు, తండా దాకా నడిచి వచ్చింది.

ఈ ఒక్కచోట హీథెన్ల నిచ్చెన తండా నిచ్చెన కంటే నిస్సందేహంగా మెరుగు. బానిస మెట్టు మీద ఉన్నవాడు ప్రభువు దాకా ఎదగవచ్చు. ఢాళ్యా కొడుకు ఎంత గొప్పగా కొట్టినా, ఎంత న్యాయం తెలిసినవాడైనా కార్బారీ కాలేడు.

అలాగని వాటర్‌టౌన్ వైపే మొగ్గు చూపలేను. హోదాకు విలువ రావాలంటే దాని కింద ఏదో ఒక అవసరం ఉండాలి. హీథెన్ ప్రభువు తన మనుషులకు కానుకలిస్తాడు, రక్షణ ఇస్తాడు అంటారు. దేని నుంచి రక్షణ? అతని మనిషి సోమవారం పొద్దున ఉద్యోగానికి వెళతాడు, జీతం కంపెనీ ఇస్తుంది, జబ్బు చేస్తే బీమా చూసుకుంటుంది. నాయకుడి పరిస్థితి అది కాదు. సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన, అదీ వేళ తప్పి. చెనిక్కాయ ఎండిపోయిన ఏడు ఎవరి కుటుంబం బెంగళూరు వెళ్లాలి, మేస్త్రీ దగ్గర అడ్వాన్సుకు ఎవరు పూచీ, ఊళ్లో ఉండిపోయే ముసలివాళ్లకు, పిల్లలకు ఎవరు గంజి కాచిపోస్తారు, పోలీసుస్టేషనుకు ఎవరు వెళ్లి మాట్లాడతారు అన్నవి నాయకుడి గుమ్మంలోకే వస్తాయి. ఆ పెద్దరికం ఆకలికి పుట్టింది. దాన్ని కొట్టిపారేసేవాళ్లు ముందు ఈ పనులు ఇంకెవరు చేస్తారో చెప్పాలి.

పెద్దను వదిలిపోయే హక్కు దగ్గర రెండు చరిత్రలూ ఆశ్చర్యంగా కలుస్తాయి. పాత ఐస్‌లాండులో రాజు లేడు. 930లో ఆల్‌థింగ్ సభ పెట్టుకున్నప్పటినుంచి గోదీలే పెద్దలు. రైతు ఏదో ఒక గోదీ పక్షాన ఉండాలి. కానీ వసంతకాలపు సభలో, అందరి ముందూ చెప్పి, ఇంకొక గోదీ వైపు మారిపోవచ్చు. గోదీ దుర్మార్గుడైతే జనం జారిపోయి అతని పెద్దరికం ఖాళీ అవుతుంది. లదేణీ రోజుల్లో తండాలోనూ ఇదే జరిగింది. నాయకుడితో పడకపోతే పది కుటుంబాలు ఎద్దులు విప్పుకుని ఇంకో దారి పట్టేవి. కొత్త నాయకుడి పేరుతో కొత్త తండా వెలిసేది. తండాలకు మనుషుల పేర్లు ఉండటానికి కారణం అదే. దారి మీద ఉన్నంతకాలం నాయకుడు మంచిగా ఉండక తప్పలేదు.

ఐస్‌లాండులో 13వ శతాబ్దానికి గోదీ పదవులు చాలావరకు కొద్ది కుటుంబాల గుప్పిట్లోకి పోయాయి. మారేందుకు వేరే గోదీ లేకపోయాడు. వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు. 1262లో దేశం నార్వే రాజు కిందికి వెళ్లిపోయింది. తండాకు వచ్చిన మార్పు నిశ్శబ్దంగా వచ్చింది. ఎద్దులు పోయి పట్టాభూమి వచ్చింది, రేషన్‌కార్డు వచ్చింది, ఓటు వచ్చింది. అన్నీ ఒక ఊరి పేరుతో కట్టేసినవే. నాయకుడితో పడని కుటుంబం ఇప్పుడు కొత్త తండా వెయ్యలేదు, బస్సెక్కి బెంగళూరు పోవాలి. వదిలిపోయే దారి మూసుకుపోయాక నాయకరికాన్ని అదుపులో పెట్టే శక్తి తండా లోపల తగ్గింది. ఇది సుగాలీల తప్పు కాదు. అయినా సరిదిద్దుకోవాల్సింది వాళ్లే.

పక్క పల్లెలో ఏం జరిగిందో చూడండి. రెడ్డి, కరణం పదవులు తరతరాలుగా కొన్ని ఇళ్లలోనే ఉండేవి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆ పదవులన్నీ తీసేసింది. నాయకరికం ఏ చట్టంలోనూ లేదు గనక ఏ చట్టమూ దాన్ని తీసెయ్యలేదు. దానికి పోటీ మాత్రం వచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం మహిళలకు మూడో వంతు, తరువాత సవరణ సగం సీట్లు కేటాయించాయి. తండాలో సుగాలీ మహిళ సర్పంచ్ కావచ్చు, నాయకుడు కాలేదు. ఐస్‌లాండు ఆసాత్రూ సంఘం ఈ విషయంలో ఎప్పుడో ముందుకు నడిచింది. అక్కడ గోదీతో సమానంగా గిద్యా ఉంది, అంటే స్త్రీ పూజారి. 2002లో సంఘం మొత్తానికీ ఒక మహిళ అధిపతిగా ఉంది. సాగాలనే పాత ఐస్‌లాండు గాథల్లోనూ పూజారిణులు ఉన్నారు కాబట్టి ఆ సంఘం తన సంప్రదాయాన్ని తప్పలేదు, అందులోంచే దారి తీసింది.

హీథెన్ లోకంలో ఉన్న పెద్ద చీలిక గురించి చెప్పకపోతే మాట పూర్తి కాదు. అమెరికాలో కొన్ని సంఘాలు ఆ దేవతలు తెల్లవాళ్ల రక్తానికే చెందినవాళ్లని వాదిస్తాయి. ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ అందులో ముందుంది. 2016లో అనేక హీథెన్ సంఘాలు ఒక ఉమ్మడి ప్రకటన చేసి దానితో సంబంధం తెంచుకున్నాయి. కోరి కట్టుకున్న తెగ కూడా రక్తం అడగడం మొదలుపెట్టగానే ప్రమాణం, పనితనం, ఎదుగుదల అన్న మాటలన్నీ అబద్ధమైపోతాయి. ఉమ్మడి ప్రకటన చేసినవాళ్లు ఆ సంగతి గుర్తించారు.

మన దగ్గర రక్తం లెక్క పెట్టింది ప్రభుత్వమే. ఆంధ్ర ప్రాంతపు సుగాలీ షెడ్యూల్డ్ తెగ. తెలంగాణ లంబాడీకి ఆ గుర్తింపు 1976 సవరణతో గాని రాలేదు. గుంతకల్లు దాటి బళ్లారి జిల్లాలో అడుగుపెడితే అదే మనిషి షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రకు వెళితే విముక్త జాతి. అక్క ఒక రాష్ట్రంలో, చెల్లెలు ఇంకో రాష్ట్రంలో కోడలైతే ఇద్దరి పిల్లలకు వేర్వేరు హోదాలు. తండా లోపల నాయకుడి మాటకు ఉన్న విలువ కంటే ఆఫీసులో ఈ కాగితానికే ఎక్కువ విలువ ఇప్పుడు. అందుకే చదువుకున్న సుగాలీ యువకులు నాయకరికం గురించి పట్టించుకోవడం మానేశారు. అది మంచిది కాదు. కాగితం ఉద్యోగం ఇస్తుంది, పక్కింటి తగువు తీర్చదు, ఢాళ్యాను లోపలికి పిలవదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాక నా తీర్పు ఇది. హీథెన్ల దగ్గర నేర్చుకోవాల్సినవి రెండే: ఎవరైనా ఎదగగలిగే మెట్టు, పెద్దను అందరి ముందూ నిలదీసే థైల్. మిగతా రాజులూ ప్రభువులూ మనకు అక్కర్లేదు. బాధ్యత లేని బిరుదులు ఈ సీమలో ఇప్పటికే చాలా ఉన్నాయి. తండా దగ్గర ఉన్నది వాళ్లకు లేదు. కరువులో మనిషి వైపు నిలబడే పెద్దరికం అది, దాన్ని నిలుపుకోవాలి.

ఏటా ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి తండాల నాయకులు, కార్బారీలు, డావ్‌లు ఎక్కడెక్కడినుంచో ఒకచోట చేరుతారు. అయ్యా, మిమ్మల్ని అడిగేది ఒకటే. మీ తండాను అంటిపెట్టుకుని ఢాళ్యా కుటుంబం ఒక్కటున్నా సరే, ఈసారి భోగ్ అనే నైవేద్యం పెట్టేచోట పెద్దల వరసలో వాళ్లకు చోటు ఇవ్వండి. ఆ వరసలోనే మీ ఆడబిడ్డలకూ ఇవ్వండి. సేవాలాల్ పుట్టిన నేల మీద ఆ పని మొదలుపెట్టడానికి ఏ ఆర్డినెన్సూ అక్కర్లేదు, నసాబు ఒక్కసారి కూర్చుంటే చాలు.